ఖాళీ కుర్చీకి క్షవరం

ముందు కత్తెర వినిపించేది. ఆ తర్వాతే తెల్లవారినట్టు ఉండేది.

నేను అద్దెకుండే గది కింద సెలూన్. మా ఇద్దరి మధ్య ఉన్నది చెక్కల నేల కావడంతో కింద ఏం జరిగినా ముందు నా అరికాళ్ళకి తెలిసేది. షట్టరు ఒళ్ళు విరుచుకుంటూ పైకి లేచేది. చీపురు రెండు మాటలు మాట్లాడి మూలకి చేరేది. ఆ పైన కత్తెర. కచక్ కచక్ అని గాలిలో రెండుసార్లు, జుట్టు మీద ఒకసారి. మళ్ళీ గాలిలో రెండు. రేకు మీద మొదటి చినుకులు ఆగి ఆగి పడుతున్నట్టు. ఆ చేతిని చూడకముందే కొన్నాళ్ళు ఆ చప్పుడుతో కలిసి బతికాను. చెవి వెనక దువ్వెన పెట్టుకున్న పెద్దాయనెవరో అయి ఉంటాడనుకున్నాను.

జుట్టు పెరిగి కిందికి దిగితే కుర్చీ వెనక ఒకావిడ ఉంది. పొట్టి మనిషి. ఎత్తు చాలక చిన్న చెక్కపెట్టె మీద నిలబడింది. నెరిసిన జుట్టు బిగించి ముడివేసి, ఆ ముడిలోనే దువ్వెన గుచ్చుకుంది.

"ఏమిటలా గుమ్మంలోనే నిలబడ్డావు? సెలూన్లో ఆడమనిషిని చూడలేదా?"

"లేదండీ."

"ఇప్పుడు చూశావుగా. వచ్చి కూర్చో. ఈ అండీ గిండీ నాకు పడదు. అందరూ పిన్ని అంటారు, నువ్వూ అను."

వీధి పెట్టిన పూర్తి పేరు కత్తెర పిన్ని. ఆ కొట్టు ఆవిడ భర్తది. ఆయన చేతికి వణుకు వచ్చినప్పుడు, ఆయన మూల బెంచీ మీద కూర్చుని నోటితో చెబుతుంటే ఈవిడ చేత్తో కత్తిరించింది. ఆయన పోయాక బెంచీ ఖాళీ అయింది, కత్తెర ఆగలేదు.

"మొదట్లో అందరూ అద్దంలో నా చేతినే చూసేవారు, ఎక్కడ చెవి తెగ్గోస్తానో అని," అంది నా మెడ మీద నీళ్ళు చల్లుతూ. "కొన్నాళ్ళకి ఎవరి మొహం వాళ్ళు చూసుకోవడం మొదలెట్టారు. అప్పుడు అనుకున్నా, సరే, నాకు పని వచ్చిందని."

తలలో నాలుక అని ఊరికే అంటాం. ఆవిడ విషయంలో అది అక్షరాలా నిజం. ఆ వీధిలో ఎవరి సుడి ఎటు తిరుగుతుందో, ఎవరి నెత్తి మీద చిన్నప్పటి మచ్చ ఉందో ఆవిడ వేళ్ళకి తెలుసు. మనిషి దిగులుగా ఉంటే మెడ బిగుసుకుంటుందట. అలాంటివాళ్ళకి క్షవరం అయ్యాక కూడా ఇంకాసేపు ఊరికే దువ్వేది.

ఆవిడతో ఒక మనవరాలు ఉండేది, కూతురి కూతురు. కూతురు బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేసేది, అందుకని పిల్ల ఎక్కువగా సెలూన్లోనే పెరిగింది. పేరు అలా ఉంచండి, అందరూ గువ్వ అనేవారు. తాతగారి బెంచీ ఇప్పుడు గువ్వది. అక్కడ కూర్చుని కాళ్ళూపుతూ, వచ్చినవాళ్ళని వచ్చినట్టు కబుర్లతో నానబెట్టేది. కాస్త బొంగురు గొంతు. నిద్ర లేచిన వెంటనే మాట్లాడినట్టుండే ఆ గొంతు పొద్దస్తమానం అలాగే ఉండేది.

"దీని నోటికి తాళం ఎక్కడ దొరుకుతుంది పిన్నీ?" అన్నాను ఒకసారి.

కత్తెర గాలిలో ఆగింది. "ఆ మాట మాత్రం అనకు నాయనా. ఒకసారి వేశారు తాళం. తియ్యడానికి వీధి వీధంతా కదలాల్సొచ్చింది."

ఆ సంగతి నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది, క్షవరానికొక ముక్క చొప్పున.

సెలూన్‌కి ఎదురుగా, రోడ్డు దాటితే సర్కారు బడి. గువ్వ అందులో ఒకటో తరగతిలో చేరిన ఏడు పిల్లలు ఎంతమంది వచ్చారంటే, బెంచీలు నిండి నేల నిండింది, నేల నిండి కిటికీ గట్లు నిండాయి. టీచరు ఒక్కరే. పలకలు దిద్దేలోపు గంట కొట్టేసేవారు. ఆ ఏడు చివర్లో పిన్ని బడికి వెళ్ళి మనవరాలు ఎలా చదువుతోందని అడిగింది. టీచరు ఆ పిల్ల ఎవరా అని కాసేపు వెతుక్కుని, గుర్తు రాగానే మొహం విప్పార్చుకుని మెచ్చుకుంది.

"చాలా మంచిపిల్లండీ. అసలు అల్లరే లేదు. ఉన్నట్టే తెలియదు."

"ఆ మాట నాకు మెప్పులా వినిపించలేదు," అంది పిన్ని. "ఇంట్లో గోడలతో కూడా మాట్లాడే పిల్ల. ఏడాదంతా దాని గొంతు ఎలా ఉంటుందో టీచరుకి తెలియలేదు. పాపం ఆవిడనేం అనగలం? అన్ని తలలు ఒక్క మనిషి చేతికింద పెడితే నేనైనా అంతేగా, ఎవరి తలో చూడకుండా గొరిగి పంపిస్తాను."

రెండో టీచరుని పంపమని బడి ఎన్ని అర్జీలు పెట్టినా పైనుంచి చూద్దాం అనే జవాబే వచ్చేది. అప్పుడు హెడ్మాస్టరుగా ఉన్న పెద్ద టీచరు వీధివాళ్ళని పిలిచింది. రెండో టీచరుకి జీతం మనమే ఇచ్చుకుంటే తరగతిని రెండు చెయ్యవచ్చు, దానికి అనుమతి ఉంది, సామాన్ల గది ఖాళీ చేస్తే చోటూ ఉంది అని చెప్పింది. అందరూ ఒకరి చెప్పులు ఒకరు చూసుకున్నారు. నెలనెలా జీతమంటే మాటలా.

పిన్ని లేచింది. "నా దగ్గర డబ్బు లేదు. చేతులున్నాయి. నెలలో ఒక రోజు నా చేతులు బడివి. ఆ రోజు ఎన్ని తలలు వస్తే అంత."

అలా మొదలైంది పలక రోజు. నెల మొదటి శనివారం పొద్దున్నే గువ్వ పాత పలక మీద 'ఈ రోజు బడిది' అని రాసి అద్దం పక్కన వేలాడదీసేది. ఆ రోజు గల్లాలో పడింది పడినట్టు రోడ్డు దాటేది. ఆవిణ్ణి చూసి బేకరీ ఆయన ఒక పలక కట్టాడు. సైకిళ్ళ రిపేరు చేసే బాబాయి ఒక పలక కట్టాడు. అలా వీధి పొడుగునా పలకలు. సామాన్ల గదిలోంచి విరిగిన బెంచీలు, చెదలు తిన్న భూగోళం బయటికొచ్చాయి. గోడలకి బేకరీలో మిగిలిన రంగు వేశారు. అందుకే ఆ గది ఇప్పటికీ బిస్కట్ల డబ్బాలా లేత గులాబీ రంగులో ఉంటుంది.

చిన్న టీచరు వచ్చింది. సన్నగా గాలికి కొట్టుకొచ్చినట్టుండే అమ్మాయి. తరగతి సగమైంది కాబట్టి రోజూ పొద్దున్నే కబుర్ల గంట పెట్టింది. ప్రతి పిల్లా లేచి ఇంటి దగ్గర్నుంచి ఒక్క కబురు చెప్పాలి. చెప్పేది ఎంత చిన్నదైనా సరే, మిగతావాళ్ళు వినాలి. గువ్వ మొదట కొన్నాళ్ళు లేచి నిలబడి కూర్చునేది. చిన్న టీచరు తొందరపెట్టలేదు. ఒకరోజు గువ్వ లేచి, "మా అమ్మమ్మ గురక పెడుతుంది," అంది. గదంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆ గొంతు ఆగలేదు.

"నా పరువు తీసి మొదలెట్టింది చదువు," అని పిన్ని మురిసిపోయేది.

నేను ఆ వీధికి వచ్చేసరికి పలక రోజు అంటే వీధికి ప్రాణం. ఆ శనివారం సెలూన్ ముందు పెళ్ళిపందిరి కింద ఉన్నంత సందడి. జనం గుమ్మం దాటి, మెట్ల దాకా, ఒక్కోసారి నా గది తలుపు దాకా వచ్చేసేవారు. కింద కత్తెర చీకటిపడేదాకా ఊపిరి తీసుకునేది కాదు. బడికి మంచి జరుగుతోందని అందరి మొహాల్లోనూ వెలుగు. ఆ వెలుగులో ఎవరికీ ఒక సంగతి కనపడలేదు.

ఒక బుధవారం సాయంత్రం గది తాళంచెవి కనపడక, సెలూన్లో పడిందేమో అడుగుదామని కిందికి దిగాను. మెట్ల మీద ఉండగానే కత్తెర వినిపిస్తోంది. కచక్ కచక్. సరే, ఎవరో ఉన్నారు, ఆగుదాం అనుకుంటూ లోపలికి తొంగిచూశాను.

కుర్చీలో ఎవరూ లేరు. దాని మీద నల్లగుడ్డ కప్పి ఉంది. పిన్ని చెక్కపెట్టె మీద నిలబడి, లేని తలకి కాస్త పైన, శ్రద్ధగా గాలిని కత్తిరిస్తోంది. బెంచీ మీద గువ్వ పలక ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. ఇద్దరిలో ఎవరూ మాట్లాడటం లేదు.

నన్ను అద్దంలో చూసి పిన్ని నవ్వింది. "కత్తెరకి బద్ధకం పట్టకుండా."

"పిన్నీ, ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు పైన వింటూ ఉంటావు కదా. ఆగిపోతే ఏమైందని కిందికి దిగుతావు. పక్క కొట్టువాళ్ళూ అడుగుతారు. ఎందుకొచ్చిన గొడవ?"

అప్పుడు తెలిసింది. తలకాయ ఉన్న ప్రతివాడూ ఆ నెల క్షవరాన్ని పలక రోజుకి దాచుకుంటున్నాడు. నేనూ అంతే. జుట్టు కళ్ళలో పడుతున్నా, శనివారం వస్తోందిగా, బడికి చేరుతుంది, అనుకుని దువ్వుకుని ఊరుకునేవాళ్ళం. ఎవరికి వాళ్ళం ఏదో గొప్ప త్యాగం చేస్తున్నామనుకున్నాం. మిగతా రోజుల్లో ఆ కుర్చీలో గాలి కూర్చుంటోంది. బడి గల్లా నిండుతోంది, పిన్ని ఇల్లు ఎండుతోంది.

"చెప్పొచ్చు కదా?"

"ఏమని? నా దగ్గరికి రండి, బడికి తగ్గించండి అనా?" గుడ్డ తీసి దులిపింది. దాన్లోంచి ఒక్క వెంట్రుకా రాలలేదు. "బజారులో అద్దాల సెలూన్ వాళ్ళు పిలుస్తున్నారు. నెల జీతం. కొట్టు అద్దె కట్టలేకపోతే వెళ్ళక తప్పదు. అక్కడ నా చేతులు వాళ్ళవి, పలక కట్టనివ్వరు. వీధిలో అన్నిటికంటే ఎక్కువ వచ్చేది నా పలకకే. అది పోతే చిన్న టీచరు జీతానికి చాలదు. రెండు తరగతులూ మళ్ళీ ఒకటి చేస్తారు. అందుకే ఇంకో నెల, ఇంకో నెల అని లాగుతున్నా. నువ్వు ఈ సంగతి ఎక్కడా ఎత్తకు. ఒట్టు."

ఒట్టు వేశాను. గువ్వ చేత మాత్రం ఎవరూ ఒట్టు వేయించుకోలేదు.

మర్నాడు కబుర్ల గంటలో గువ్వ లేచి, తన వంతు కబురు చెప్పింది. "మా అమ్మమ్మ ఎవరూ లేని కుర్చీకి క్షవరం చేస్తోంది."

పిల్లలు పడీపడీ నవ్వారు. చిన్న టీచరు నవ్వలేదు. దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది, రోజూ చేస్తుందా అని. గువ్వ ఆలోచించి చెప్పింది. "పలక ఉన్న రోజు తప్ప రోజూ."

ఆ సాయంత్రం బడి వదిలాక వీధినంతా గులాబీరంగు గదికి పిలిచారు. పిల్లల బెంచీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కున్నారు. పెద్ద టీచరు విషయం చెబుతుంటే, ఒక్కొక్కరి చెయ్యీ తెలియకుండానే సొంత జుట్టు మీదికి వెళ్ళింది. నెల చివర కావడంతో అందరి నెత్తిమీదా పొదలు.

బేకరీ ఆయన ముందు తేరుకున్నాడు. "వదినా, నా కొట్టుకీ పలక ఉందిగా? నాకెందుకు రాలేదు ఈ గతి?"

"రొట్టె రోజూ తినాలి మరిదీ. జుట్టు నెలంతా ఆగుతుంది."

"పంక్చరూ ఆగదు," అన్నాడు సైకిళ్ళ బాబాయి దిగాలుగా. "నేనొక్కణ్ణే ఆపుకుంటున్నాననుకున్నా. మా ఆవిడ ఎలుగ్గొడ్డూ అని తిడుతున్నా, బడి కోసమే, నోర్ముయ్ అని గర్వంగా తిరిగా."

"క్షవరమైతే గాని వివరం తెలియదని ఊరికే అన్నారా? మీకు క్షవరం కాకుండానే తెలిసింది, సంతోషించండి," అంది పిన్ని. గొంతు నవ్వుతున్నా కళ్ళు మండుతున్నాయి. మనవరాలి వైపు తిరిగింది. "ఇంటిగుట్టు బడిలో పరుస్తావటే?"

గువ్వ తడుముకోలేదు. "ఒక్క కబురు చెప్పాలన్నారు. నిన్న అదొక్కటే జరిగింది."

అప్పుడు చిన్న టీచరు లేచింది. చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "పిన్నిగారూ, మీ ఇంటి పొయ్యి ఆపి నాకు జీతం వద్దు. ఈ ఏడు అయ్యాక నేను మానేస్తాను. పిల్లల్ని మళ్ళీ కలిపేయొచ్చు."

పిన్ని ఆ ఇరుకు బెంచీలోంచి బయటికి రావడానికి కాస్త తంటాలు పడి, వచ్చి ఆ అమ్మాయి ముందు నిలబడింది. ఆ అమ్మాయి భుజం దాకా కూడా రాదు.

"నువ్వు మానేస్తే ఏమవుతుందో తెలుసా తల్లీ? ఇది మళ్ళీ మంచిపిల్ల అయిపోతుంది. అసలు అల్లరే లేని మంచిపిల్ల. నాకొద్దు."

సైకిళ్ళ బాబాయి ముక్కు గట్టిగా చీదాడు.

"సరే వదినా, రేపట్నుంచి రోజూ వస్తాం," అన్నాడు బేకరీ ఆయన. "నీ కుర్చీ ఖాళీగా ఉంచితే అడుగు."

"జాలిపడి వచ్చేవాడికి నేను క్షవరం చెయ్యను. గొరుగుతాను. తేడా నీకు అద్దంలో తెలుస్తుంది." నవ్వులు సద్దుమణిగాక అద్దం లేని ఆ గోడ వైపే కాసేపు చూసింది, అక్కడ అద్దం ఉన్నట్టు. "తప్పు మీది కాదు. పలకది. పొద్దున్నే మొహం చూపించింది కాబట్టి మీరు దానికోసం కాచుకున్నారు. ఇక చూపించదు."

ఆవిడ పద్ధతి అప్పటి నుంచి ఇదీ. పలక రోజంతా గోడ వైపు తిరిగి ఉంటుంది. రాత ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు. షట్టరు దించే ముందు పిన్ని పెట్టె ఎక్కి పలకని ఇటు తిప్పుతుంది. ఉత్తినే నల్లగా ఉంటే ఆ రోజు ఇంటిది. నెలలో ఏదో ఒక రోజు మాత్రం తిప్పితే 'ఈ రోజు బడిది' అని ఉంటుంది. ఆ రోజు వచ్చిపోయినవాళ్ళందరూ తమకి తెలియకుండానే ఇచ్చినవాళ్ళు.

కాచుకోవడానికి ఇక ఏమీ లేదు కాబట్టి తలలు తమ వేళకి తాము రావడం మొదలెట్టాయి. అద్దాల సెలూన్‌కి పిన్ని వెళ్ళలేదు. శనివారాల గుంపు పోయింది. దానివల్ల జీతానికి తగ్గింది మిగతా కొట్లు నెలకి ఇంకో రోజు పలక కట్టి పూడ్చాయి. నా నేల కింద కత్తెర మళ్ళీ మునుపటిలా, గాలిలో రెండు, జుట్టు మీద ఒకటి. ఆ మూడో చప్పుడులోనే ఉంది తేడా. జుట్టు తెగే చప్పుడు మెత్తగా, నిండుగా ఉంటుంది. ఆ నెలలన్నీ అది లేకుండా విని కూడా నేను పోల్చుకోలేదు.

వీధి మాత్రం ఊరుకోలేదు. ఎవరో ఒకరు సాయంత్రం సెలూన్ ముందు తచ్చాడుతూ, "ఈ రోజేనా పిన్నీ?" అని కూపీ లాగేవారు. బేకరీ ఆయన పిన్ని మొహాన్ని బట్టి కనిపెట్టగలనని పందెం కాసి, ప్రతిసారీ ఓడి, బడి పిల్లలకి బన్నులు పంపేవాడు. గువ్వని లంచాలతో అడిగి చూశారు. అన్ని కబుర్లూ చెప్పే ఆ పిల్ల, పలకలో ఏముందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడు నోరు తెరవాలో ఎప్పుడు మూయాలో తనే తేల్చుకునేంత పెద్దదయింది.

రెండో టీచరు కోసం పైకి పెట్టిన అర్జీకి ఇప్పటికీ చూద్దాం అనే జవాబే. చిన్న టీచరు ఉంది. గులాబీ గదిలోకి కొత్త పిల్లలు వచ్చారు. కిటికీ గట్ల మీద ఇప్పుడు ఎండ ఒక్కటే కూర్చుంటుంది.

నాకు వేరే ఊళ్ళో పని దొరికింది. ఒక ఆదివారం పొద్దున సామాను బండికెక్కించాక చివరిసారి కిందికి దిగాను. పిన్ని గుడ్డ కప్పింది, నీళ్ళు చల్లింది. మెడ దగ్గర ఆవిడ వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. క్షవరం అయిపోయినా ఊరికే దువ్వుతూనే ఉంది.

ఎదుటి గోడ మీద పలక వీపు నాకేసి తిప్పి ఉంది. నా బండి మధ్యాహ్నమే. సాయంత్రం షట్టరు దించేటప్పుడు నేను ఉండను.

"పిన్నీ, వెళ్ళిపోయేవాణ్ణి కదా. నాకొక్కడికీ చెప్పు. ఈ రోజు ఇంటిదా, బడిదా?"

గువ్వ బెంచీ మీంచి అమ్మమ్మ వైపు చూసింది. పిన్ని గుడ్డ విప్పి గుమ్మం బయట దులిపింది. వెంట్రుకలు గాలికి రోడ్డు వైపు, బడి వైపు పోయాయి. వెనక్కి వచ్చి, నా కాలరు సరిచేసి, బ్రష్షుతో మెడ మీద చివరిసారి తుడిచి అంది:

"అది నీకెందుకు? ఎక్కడున్నా వేళకి క్షవరం చేయించుకో నాయనా. ఎవరి కోసమూ జుట్టు దాచిపెట్టకు."